ఆకుజెల్లలు

వాగు అడుగున, రాలి కుళ్ళిన ఆకుల మధ్య బతుకుతుంది ఆకుజెల్ల అనే చేప. చూస్తే ఎండుటాకే. తోక అచ్చం తొడిమలా ఉంటుంది. పగలంతా ఉలకదు, పలకదు. పక్కనే కాలు పడినా కదలదు. కళ్ళకు దొరకదు కాబట్టి వేళ్ళతో తడిమి పట్టాలి. అలా పట్టి, గాజుతొట్టెల్లో చేపలు పెంచుకునేవాళ్ళకు అమ్మిన డబ్బుతోనే తల్లిలేని తమ్ముణ్ణి సాకింది అక్క.

ఆ తమ్ముడిప్పుడు పొక్లెయిన్ డ్రైవరు. వాగు తవ్వి లోతు చేసే పని అతనికే పడింది.

"వేరే ఎవరూ దొరకలేదట్రా వాళ్ళకి?" అంది అక్క.

"నేను కాకపోతే ఇంకొకడొస్తాడక్కా. ఆ కూలేదో మనింటికే రానీ."

అక్క బిందె తీసుకుని వాగు వైపు నడిచింది.

పొద్దుటి నుంచీ అతను అడుగు గోకి ఒడ్డున పోస్తూనే ఉన్నాడు. అన్నానికని దిగితే, కుప్ప మీద ఆకులు మెల్లగా కదులుతున్నాయి. గాలి లేదు. వంగి చూశాడు. అన్నీ నోళ్ళే, తెరుచుకుంటూ మూసుకుంటూ.

అక్క అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని ఏరి బిందెలో వేస్తోంది. జెల్ల ముల్లు దిగిన వేలు ఉబ్బి ఉంది.

"ఇంజను చప్పుడుకైనా పారిపోవచ్చుగా ఇవి?"

"వాటికి కదలకుండా ఉండటమే తెలుసురా."

అతను అన్నం మూట పక్కన పెట్టి తనూ ఏరసాగాడు. మేస్త్రీ వచ్చి కేకలేశాడు, రేపు వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు. అయినా లేవలేదు.

సాయంత్రానికి ఒడ్డువార నీళ్ళు తేటపడ్డాయి. బిందె అక్కడే వంచారు. జెల్లలు అడుక్కి దిగి, అలవాటుగా కదలకుండా పడుకున్నాయి. అయితే అడుగున ఒక్క ఆకు లేదు. అంతా తెల్లటి బంకమన్ను. దాని మీద ఒక్కొక్కటీ గోధుమరంగు మరకలా స్పష్టంగా కనిపిస్తోంది.

కొంగలు దిగాయి. అతను మట్టిబెడ్డలు విసిరితే రెండడుగులు పక్కకు జరిగి, మళ్ళీ వచ్చి, తాపీగా పొడుచుకు తిన్నాయి. ఒక్క చేపా పారిపోలేదు.

"ఇంక పద," అంది అక్క, ఖాళీ బిందె చంకనెత్తుకుని.

మర్నాడు అతను మేస్త్రీని బతిమాలుకుని మళ్ళీ యంత్రమెక్కాడు. అక్క ఒక హోటల్లో అంట్లు తోమే పనికి కుదిరింది. వేలి వాపు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. పొద్దున్నే ఇద్దరూ ఒకే గుమ్మం దాటి, చెరో దారిన పోతున్నారు.