కొట్టం తలుపులో మనిషి

"రంగులు ఉల్టా జేసుడే గదా హిమజా, దానికెంతసేపు?" అన్నాడు దయాకర్ బండి తాళం వేలికి తిప్పుకుంటూ. పొద్దున తొమ్మిదిన్నర. అప్పటికి నేను పిల్లలిద్దరికీ అన్నం డబ్బాలు కట్టి, మా ఇద్దరి డబ్బా కట్టి, బట్టలు ఆరేసి, ఉప్పల్ నుంచి నాచారం దాకా షేర్ ఆటోలో వచ్చి, షాపు ముందు ఊడ్చి ఉన్నాను. అతను జవాబు కోసం అడగలేదు.

మాది నల్లరాయి మీద చనిపోయినవాళ్ల బొమ్మలు చెక్కే షాపు. ఇప్పుడు ఉలి లేదు, లేజర్ మిషన్ చెక్కుతుంది. ఫొటోలో నలుపు ఎక్కడుంటే అక్కడ మిషన్ రాయిని కాలుస్తుంది, కాలిన చోట రాయి తెల్లబడుతుంది. అందుకే ఫొటోను ముందే తిరగేసి ఇవ్వాలి, నలుపును తెలుపు, తెలుపును నలుపు చేసి. షాపు పెట్టిన కొత్తలో ఇది తెలియక దయాకర్ కొమురెల్లి అనే ముసలాయన ఫొటోను ఉన్నదున్నట్టు మిషన్‌కు ఇచ్చాడు. తెల్లజుట్టు నల్లగా వచ్చింది, మొఖం సున్నం కొట్టినట్టు వచ్చింది, కంటిపాపలు రెండూ తెల్లటి చుక్కలయ్యాయి. ఆయన పెళ్లాం రాయి ముందు నిలబడి, "గీయన ఎవరయ్యా? మా ఆయన గిట్ల లేకుండె" అని ఏడ్చింది.

ఆ మర్నాడు నేను వచ్చి కూర్చున్నాను. మా పుట్టింట్లో మొదట డిగ్రీ చదివింది నేనే, బీఎస్సీ కంప్యూటర్స్. షాపులో పాత కంప్యూటర్, అందులో పెయింట్ తప్ప బొమ్మల పనికొచ్చేది ఇంకోటి లేదు. ఫొటో తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, ఇన్వర్ట్ కలర్ నొక్కాలి. అంతే. అది కనుక్కోవడానికి నాకు అరగంట పట్టింది. ఆ అరగంట పుణ్యాన తొమ్మిదేళ్లుగా అదే కుర్చీలో ఉన్నాను. కస్టమర్లకు దయాకర్ "డిజైన్ మొత్తం నేనే జేస్తా" అంటాడు. నా గురించి అడిగితే, "ఇంట్ల ఖాళీగ గూసోలేక వస్తది" అంటాడు. ఖాళీగా! మామ ఉన్నప్పుడు వచ్చినవాళ్లందరి ముందు, "మా కోడలు డిగ్రీ సదివింది, పప్పుల ఉప్పు మాత్రం లెక్క తెల్వదు" అనేవాడు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. చదువుకున్న పిల్లకు పొగరని ఎవరూ అనకూడదని, నన్ను చదివించిన మా నాయినకు మాట రాకూడదని, చాలా చోట్ల నవ్వాను.

ఆ రోజు చేయాల్సింది ఆ మామదే, మొగిలయ్యగారి రాయి. ఆదివారం ఏడాది మాసికం. మా బావ గోవర్ధన్, అంటే దయాకర్ వాళ్ల అన్న, పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో స్కాన్ చేయించి పంపాడు. పొలంలో బోరు మోటరు పెట్టిన రోజు తీసిందట. ఆ పొలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఫొటోలో మామ పడుచువాడు, తలకు రుమాలు, చేయి మోటరు మీద. వెనక పశువుల కొట్టం, దాని తలుపు నల్లగా, లోపల ఏముందో తెలియనంత నల్లగా. "బ్యాక్‌గ్రౌండ్ మొత్తం క్లీన్ జెయ్యమ్మా, నాయిన ఒక్కడే రావాలె" అని బావ ఫోన్‌లో రెండుసార్లు చెప్పాడు.

ఎప్పుడూ ముందు బ్యాక్‌గ్రౌండ్ తుడిచి, తర్వాత తిరగేస్తాను. ఆ రోజు గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచిస్తూ ముందే తిరగేశాను.

కొట్టం తలుపు తెల్లబడింది. ఆ తెలుపులో బూడిదరంగు గీతలు కనిపించాయి. కొంగు. మొఖం. నడుము మీద గంప. గడప ఎక్కి నిలబడింది కాబట్టి మామ అంత ఎత్తు ఉంది. మళ్లీ తిరగేస్తే మామూలు ఫొటో, ఒట్టి నల్ల తలుపు. ఇంకోసారి తిరగేశాను, ఆమె అక్కడే ఉంది. అలా నాలుగుసార్లు చేశాను.

దయాకర్‌కు మూడేళ్లప్పుడు వాళ్లమ్మ కామెర్లతో పోయింది. ఆమెకు ఫొటో లేదు. పెద్దలకు పెట్టే పెత్రమాసకు ఆమె పేరు మీద ఒక చీర మడిచి పీట మీద పెడతాం, చీరకే దండం పెడతాం. మా పెళ్లయిన కొత్తలో ఒకసారి దయాకర్, "మా అమ్మ ఎట్లుంటదో నాకు యాదికి లేదు" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అనలేదు.

మామ చెల్లెలు ఉప్పలమ్మత్త మా షాపు వెనక గల్లీలోనే ఉంటుంది. వెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె స్క్రీన్‌కు ముక్కు ఆనించి చూసింది.

"ఓయమ్మ, మా వదినె గాదె ఇది! నీలవ్వ!"

"మొఖం సరిగ్గ లేదు గదత్తా, ఎట్ల గుర్తువట్టినవ్?"

"గంప జూడు. ఎడమ సంకకే వెట్టేది. కుడి చెయ్యి ఇరిగి మంచిగ అతకలే."

"ఎట్ల ఇరిగింది?"

అత్త ముందు బయటికి చూసింది, దయాకర్ లేడు కదా అని. "మా అన్నకు కోపం జర ఎక్కువుండె" అంది. వేలితో మోటరు చూపించి మళ్లీ అందుకుంది. "మల్కాజిగిరి నుంచి ఫొటో ఆయన వచ్చిండు. అన్న మోటరు పక్కకు నిలవడ్డడు. ఇది పశుల పెండ ఎత్తుతున్నది పాపం. 'పెండ గంపతోని అడ్డమొస్తున్నవేందే, లోపలికి పో' అన్నడు. పోయిందనే అనుకున్నం బిడ్డా. తలుపుల నిలవడి సూసింది గావచ్చు."

మధ్యాహ్నం దయాకర్ వచ్చాక చూపించాను. స్క్రీన్ మీద చేయి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడిస్తే బాగుండుననుకున్నాను. అతను అన్నకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సంగతి చెప్పాడు.

"ఏంది, పెండ గంపతోని అమ్మను రాయెక్కిస్తవారా? లీడర్లు వస్తున్నరు, ఊరంత వస్తది. నగుబాటు గాదా?"

ఫోన్ పెట్టేసి దయాకర్ స్క్రీన్ వైపు చూడకుండా అన్నాడు. "తుడిచెయ్."

"మీ అమ్మ."

"నాకు తెల్వదా? నువ్వు జెప్తె తప్ప కనవడకపోయె. రబ్బరుతోని రెండు నిమిషాల పని. తుడిచి స్టార్ట్ జెయ్యి, నేను తినొస్త." నేను కట్టిన డబ్బా తీసుకుని వెనక గదిలోకి వెళ్లాడు.

పెయింట్‌లో రబ్బరు తీసుకున్నాను. చెప్పిన పని చేయడం నాకు బాగా వచ్చు. ఒక్కసారి లాగితే ఆమె పాదం పోయింది. అంత తేలిగ్గా పోయింది. ఈ తొమ్మిదేళ్లలో ఎంతమందిని ఇలా తుడిచానో లెక్క లేదు. పెళ్లి ఫొటోలోంచి పెళ్లికొడుకు ఒక్కడే కావాలంటే పక్కనున్న పిల్లను తుడిచాను. భుజం మీద ఆమె వేళ్లు మిగిలితే వాటిని కూడా ఒక్కొక్కటే తుడిచాను. నీట్‌గా చేస్తానని పేరు. బ్యాక్‌గ్రౌండ్ అనేవాళ్లు, నేనూ అదే మాట అనేదాన్ని. ఆ మాట ఎవరి గురించి అంటున్నానో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు భయమేసింది. దయాకర్ అంటే కాదు, నా చేతి అలవాటు చూసి.

అన్‌డూ నొక్కాను. పాదం వచ్చింది. కొట్టం కప్పు తుడిచాను, గడ్డివాము తుడిచాను, మోటరు పైపులు తుడిచాను. ఆమెను ముట్టుకోలేదు. ఫైల్ మిషన్‌కు పంపి స్టార్ట్ నొక్కాను.

మిషన్ పైనుంచి కిందికి గీత గీతగా కాలుస్తుంది. ఒక్కో గీత మామ దగ్గర మొదలై తలుపు దాకా పోతుంది. మామ రుమాలు వచ్చింది, నీలవ్వత్త కొంగు వచ్చింది. మామ నుదురు, నీలవ్వత్త నుదురు. రాతి పొడి వాసన గదంతా నిండింది. దయాకర్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి, రాయిని చూసి ఆగిపోయాడు.

"ఏంది గిది? తుడవలేదా?"

"లేదు."

"ఆపు. హిమజా, నీకే చెప్తున్న, ఆపు!"

నేను కదల్లేదు. అతనే ముందుకొచ్చి ఎర్ర బటన్ మీద చేయి పెట్టాడు. ఆ సైజు రాయి ఇంకోటి లేదు, ఆదివారం ఎల్లుండే.

"ఆపుకో" అన్నాను. "మీ అమ్మ కండ్ల దాకా వచ్చింది. ఇప్పుడు ఆపితే మీ నాయినకు గూడ అక్కడి దాకనే మొఖం."