రావల్కోల్ బాకీ

మాలో మనిషిని మట్టిలో పెట్టే ముందు జనాజా నమాజు చేస్తారు. నమాజుకు ముందు చనిపోయినవాడి తరఫున ఎవరో ఒకరు నిలబడి ఒక మాట చెప్పాలి. ఆయన ఎవరికైనా బాకీ ఉంటే నన్ను అడగండి, లేదంటే మాఫ్ చేయండి అని. చాలామంది కొడుకులు ఈ మాటను గొంతులోనే గొణిగి ఊరుకుంటారు. నేను మాత్రం శామీర్‌పేట ఖబ్రస్తాన్ గోడ అవతల చాయ్ తాగుతున్నవాళ్ళకు కూడా వినపడేలా చెప్పాను. ఏడుపులో గొంతు అదుపు తప్పింది. మూడోరోజు ఫాతిహా ప్రార్థన కాకముందే దాని ఫలితం తెలిసొచ్చింది.

మా అబ్బా ఖాజామియా గొర్రెలు, మేకల బేరగాడు. చేతికి ఎముక లేని మనిషి. తన చేతిలో లేకపోతే పక్కవాడి చేతిలోంచి తీసుకుని మరీ పెట్టేవాడు. ఆ పక్కవాళ్ళంతా ఇప్పుడు నా మోటార్ వైండింగ్ దుకాణం ముందు వరస కట్టారు. దాణా కొట్టు ఆయన వచ్చాడు. ట్రాలీ ఆటోకు అప్పిచ్చిన ఫైనాన్స్ తాలూకు మనిషి వచ్చాడు. తూంకుంటలో ప్లాట్లు అమ్మే లక్ష్మణ్ పటేల్ కారు దిగకుండానే అద్దం దించి ఎంతో చెప్పాడు. అల్వాల్ హోటలువాడైతే చాయ్ ఖాతా కోసం బస్సెక్కి వచ్చాడు. ఆ చాయ్‌ల డబ్బులకంటే వాడి బస్సు టికెట్టే ఎక్కువై ఉంటుంది.

నేను ఎవరికీ ముఖం చాటేయలేదు. చిన్న బాకీలు ముందు తీర్చేశాను, వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గితే తల తిరగడం తగ్గుతుందని. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి నెలకింత అని ఒప్పించాను. ఒప్పుకోనివాళ్ళతో గొడవపడి ఒప్పించాను. ఫైనాన్స్ వాడికి ట్రాలీ ఆటోనే ఇచ్చేశాను, కానీ ఇక ఏమీ రావలసింది లేదని కాగితం రాసి సంతకం పెట్టేదాకా తాళంచెవి ఇవ్వలేదు. వాడు నన్ను బెదిరించడానికి వచ్చి చివరికి నాకే దండం పెట్టి పోయాడు. ఈ విషయం మా అమ్మీకి రెండుసార్లు చెప్పుకున్నాను.

మా అమ్మీ రహీమాకు నా తెలివితేటల మీద పెద్ద ఆసక్తి లేదు. ఆమెది ఒక్కటే ప్రశ్న. "ఇంకెందరున్నరు బేటా?" బాకీ తీరనంతవరకు పోయినవాడి రూహ్, అంటే ఆత్మ, మధ్యలోనే ఆగి ఉంటుందని మసీదులో పెద్దాయన చెప్పాడు. ఆమె పట్టుకున్నది ఆ మాటనే. అన్నం ముందు పెట్టుకుని, ఆయన ఎక్కడ ఆగి ఉన్నాడో, నీడ ఉందో లేదో అని దిగులు పడేది. నాకూ ఆ దిగులే. కాకపోతే మగవాణ్ని కాబట్టి దాన్ని కోపంగా మార్చి ఊరి మీద చూపిస్తూ తిరిగాను.

అంతా అయిపోయిందనుకున్నాక లత వచ్చింది. ఆమె ఎవరో అప్పుడు నాకు తెలియదు. మెడలో టవల్ చుట్టుకుని, స్కూటీ స్టాండు వేయకుండానే దుకాణంలోకి తొంగి చూసింది.

"రషీదంటె నువ్వేనా అన్నా?"

"ఔ. మోటరు తెచ్చినవా?"

"మోటరు గాదు. మీ నాయినను జర మా ఇంటికి రాకుంట జెయ్యుండ్రి."

చేతిలో ఉన్న రాగి తీగ అలాగే పట్టుకుని ఆమె వైపు చూశాను.

"మాది రావల్కోల్. మొగులయ్య కోడల్ని" అంది ఆమె. "మా మామ మంచంల వడ్డడు. మీ నాయిన దినాం పొద్దుమీకక ముందె వస్తడు. వాకిట్ల నిలవడతడు. ఇస్త మొగులన్నా, ఇప్పుడె ఇస్త అంటడు. బట్టలు తడుముకుంటడు. ఏం దొర్కది. పోతడు. మల్ల తెల్లారి వస్తడు. మా బిడ్డ బుగులువడి జరం దెచ్చుకుంది."

అప్పు వసూలుకు ఇదొక కొత్త ఎత్తు అనుకున్నాను. ఈ రెండు నెలల్లో నేను చూడని ఎత్తు లేదు. "ఎంత బాకీ అంట?" అన్నాను వెటకారంగా.

"పైసలెవలడిగిండ్రే? పైసలొద్దు, పాడొద్దు. మనిషి రాకుంటె సాలు."

అప్పిచ్చినవాడి గడప ముందు నుంచి తప్పుకుని తిరిగే బాకీదారులను చూశాను. బాకీదారుణ్ని రావద్దని బతిమాలే అప్పులవాళ్ళను మాత్రం అదే మొదటిసారి చూడడం. ఫోన్‌లో అబ్బా ఫోటో తీసి చూపించాను. ఈయనే అంది. మరి ఫోటోలో ఉన్నట్టు లుంగీ, జుబ్బా వేసుకోడని, ఒంటికి కుట్టులేని కొత్త తెల్లబట్ట చుట్టుకుని వస్తాడని చెప్పింది. కాళ్ళకు చెప్పులుండవు. నిలబడ్డచోట నేలంతా తడి అవుతుంది. ఆయన పోయాక కూడా వాకిట్లో కర్పూరం వాసన వస్తుంది.

ఆఖరి స్నానం నీళ్ళలో కర్పూరం కలిపింది నేనే.

"మా అబ్బా పోయి రెండు నెలలు దాటింది" అన్నాను. లత దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయింది. మంచినీళ్ళు అడిగి, గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండానే కింద పెట్టింది.

ఇంటికి వెళ్ళి మొగులయ్య పేరెత్తేసరికి అమ్మీ చేతిలో చేట పక్కన పెట్టేసింది. నేను పుట్టకముందు అబ్బా, మొగులయ్య జోడీ అట. ఏ అంగడికి పోయినా కలిసే పోయేవారు, ఒకే రొట్టె విరిచి తినేవారు. ఒక బక్రీదుకు మొగులయ్య తన మందలోని పొట్టేళ్ళన్నిటినీ మాట మీద అబ్బాకు అప్పగించాడు. అమ్మాక ఇస్తాను అన్నాడు అబ్బా. దారిలోనే వాటికి రోగం తగిలింది. సగం చచ్చాయి, మిగతా సగం చచ్చినవాటి ధరకు పోయాయి. అప్పటినుంచి అబ్బా రావల్కోల్ వైపు చూస్తే ఒట్టు.

"జనాజకు ఆయినకు కబురు వంపలే" అంది అమ్మీ. "నాకు యాదికె రాలె. జల్దీ పో బేటా. మాఫ్ జేయించు, లేకుంటె కట్టు. ఏదో ఒకటి జెయ్యి."

కట్టడానికి నా దగ్గర ఏముంది? ఇంకా చాలా నెలలు నడవాల్సిన చిట్టిని నష్టానికి పాడుకున్నాను. ఆనాటి పొట్టేళ్ళ ధరకు ఇన్నేళ్ళ మిత్తి కలుపుకుని, నోట్ల కట్ట చొక్కా లోపల పెట్టుకుని బండి తీశాను. మేడ్చల్ దాటాక ఒకప్పటి ద్రాక్షతోటలన్నీ ఇప్పుడు హద్దురాళ్ళు, రంగు జెండాలు. దారి పొడుగునా ఒక్కటే ప్రార్థన చేసుకున్నాను, ఆ లత అబద్ధాల కోరు అయి ఉండాలని.

మొగులయ్య అరుగు మీద నులకమంచంలో ఉన్నాడు. ఒక కాలు, ఒక చెయ్యి పడిపోయాయి కానీ మాట బాగానే ఉంది. మంచం ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంది. నేను దాంట్లో కూర్చోబోతే వద్దన్నాడు.

"అది నీకు గాదు బిడ్డా. గా గద్దె మీద కూసో."

కూర్చుని నోట్ల కట్ట తీశాను. "అసలు, మిత్తి, అంత ఉన్నది కాకా. లెక్క జూస్కో."

"జేబుల వెట్టుకో."

"తక్వ వడ్డదా?"

"ఎక్వనే ఉంటది. జేబుల వెట్టుకో."

అప్పుడు వచ్చింది నాకు కోపం. అప్పు అడిగితే కోపం రావడం లోకంలో ఉన్నదే, తీసుకోనంటే కోపం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను. "మా అబ్బా రూహ్ నడుమల ఆగి ఉన్నది. నువ్వు తీస్కుంటె గాని ఆయనకు దారి లేదు. తీస్కోకుంటె మాఫ్ అన్న జెయ్యి. రెండు గాదంటె ఏంది నీ ఉద్దేశం?" అని అరిచాను.

ముసలాయన ఏమీ అనుకోలేదు. బాగున్న చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"రెండేండ్లు పైసలడిగిన బిడ్డా. తర్వాత అడుగుడు బంద్ జేసిన. పైసలు వాయె, మనిషన్న వస్తడేమో అని. రాలె. ఒకపారి మేడ్చల్ అంగట్ల నన్ను జూసి మేకల నడుమ వంగి కూసుండు. నేను జూసిన. జూడనట్టె తిరిగొచ్చిన. గంత బాధ నాకు పొట్టేళ్ళు వోయిననాడు గూడ కాలె. ఇప్పుడు దినాం వస్తుండు. నా పేరు వెట్టి పిలుస్తుండు. నువ్వు గా పైసలిస్తె రేపటిసంది వస్తడా?"

ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. గింజలు ఏరుకుంటున్న కోళ్ళు ఒక్కసారిగా గోడవారకు పోయి కదలకుండా నిలబడ్డాయి. లత బిడ్డను చంకనేసుకుని లోపలికి పోయి గడియ పెట్టింది. కర్పూరం వాసన వచ్చింది.

అబ్బా వాకిట్లో నిలబడి ఉన్నాడు. గేటు తెరుచుకోలేదు, అడుగుల చప్పుడు లేదు. తడిసిన గడ్డం నుంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మట్టి నల్లబడుతోంది. నేను చుట్టిన బట్టే, నేను పెట్టిన మడతే.

"ఇస్త మొగులన్నా" అన్నాడు. గొంతు ఆయనదే, కాకపోతే మరీ మెల్లగా ఉంది. "ఈడనె వెట్టిన. ఇప్పుడె ఇస్త."

రెండు చేతులూ పక్కలకు పోయాయి. జుబ్బా జేబులు ఉండేచోట బట్టను తడుముతున్నాయి. పైకి, కిందికి, మళ్ళీ పైకి. శవానికి చుట్టే కఫన్‌కు జేబులుండవు అని మావాళ్ళు ఊరికే అంటుంటారు, పోయేటప్పుడు ఏదీ వెంట రాదని చెప్పడానికి. ఇంకొకరి మయ్యత్‌లో, శవం పక్కన నిలబడి, నేనూ వేదాంతిలా ఎన్నోసార్లు అన్నాను. లేని జేబు కోసం మా అబ్బా వేళ్ళు అలా వెతుకుతుంటే చూశాక ఆ మాట నా నోట ఇక రాదు.

పరుగెత్తుకెళ్ళి నోట్లు ఆయన చేతిలో పెట్టాను. చెయ్యి బావి రాయిలా చల్లగా ఉంది. వేళ్ళు ముడుచుకోలేదు. నోట్లు జారి తడినేల మీద పడ్డాయి.

"అబ్బా! నేను రషీద్‌ను. ఇగో పైసలు. ఇటు జూడు."

చూడలేదు. ఆయన ముఖానికి జానెడు దూరంలో నిలబడ్డాను. కళ్ళు నన్ను దాటి అరుగు మీది మనిషి దగ్గరే ఉన్నాయి. భుజం పట్టుకుని ఊపాను, ఏడ్చాను, తిట్టాను. నేను అక్కడ లేనట్టే. అప్పుడు అర్థమైంది నాకు. మా అబ్బా నాకేమీ బాకీ లేడు.

"నన్నేం జెయ్యమంటవో నువ్వే జెప్పు బిడ్డా" అన్నాడు మొగులయ్య వెనకనుంచి. "ఇడువుమంటె ఇడుస్త. నాకు నేనై ఇడువలేను."

నిజం చెప్పాలంటే నాకు కూడా నోరు రాలేదు. ఈ ఒక్కరోజు ఉండనీ, రేపు కూడా వస్తాను, ఎప్పుడో ఒకసారి నా వైపు చూడకపోతాడా అనిపించింది. కానీ ఆ చేతులు ఆగడం లేదు. బతికున్నప్పుడు ఏ అప్పులవాడి ముందు కూడా ఆయన అంత దీనంగా నిలబడి ఉండడు.

"ఇడిచిపెట్టు కాకా" అన్నాను.

మొగులయ్య మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. చేతకాక పడుకునే చెప్పాడు. "ఖాజా! ఇడిచిన. పొట్టేళ్ళు, మిత్తి, అంత ఇడిచిన. నాకు నువ్వేం బాకీ లేవు. ఊకె వచ్చి కూసో."

చేతులు ఆగిపోయాయి. అబ్బా తన అరచేతులు ఒకసారి చూసుకున్నాడు. నా పక్కనుంచే నడిచి అరుగెక్కి ఆ కుర్చీలో కూర్చున్నాడు. బరువు దించుకున్నవాడిలా వెనక్కి వాలాడు. మొగులయ్య ఏదో పాత అంగడి ముచ్చట ఎత్తాడు, ఎవరో దళారిని ఇద్దరూ కలిసి బోల్తా కొట్టించిన సంగతి. అబ్బా నవ్వాడు. ఆ నవ్వు నేను చిన్నప్పుడు వినేవాణ్ని. నేను వాకిట్లోనే ఉన్నాను. ఆయన ఇటు తిరగలేదు.

కోళ్ళు మళ్ళీ గింజల దగ్గరకు వచ్చాయి. కుర్చీ ఖాళీగా ఉంది, దాంట్లో కొద్దిగా నీళ్ళు నిలిచి ఉన్నాయి. మొగులయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను నోట్లు ఏరుకుని, సెలవు కూడా తీసుకోకుండా బండెక్కాను.

ఇంట్లో అమ్మీ గడపలోనే కూర్చుని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. మాఫ్ అయిందనగానే కొంగు కప్పుకుని దువా చేసింది.

"మనింటికి ఎందుకు రాలె?" అంది ఆ తర్వాత.

"ఆయిన బాకీ ఉన్నోల్లనే జూస్తుండు అమ్మీ. నన్ను గూడ జూడలె."

పెళ్ళినాడు మగవాడు ఆడమనిషికి ఇస్తానని ఒప్పుకునే సొమ్ము మెహర్. మా పేదిళ్ళల్లో దాన్ని ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. మొగుడు పోయినప్పుడు చుట్టూ చేరిన ఆడవాళ్ళు భార్య చేత మాఫ్ అనిపిస్తారు, అంతే. ఆ సంగతి అమ్మీయే ఎత్తింది.

"మయ్యత్ లేవట్టెటప్పుడు అందరు మీదవడి అను అను అన్నరు. మెహర్ మాఫ్ జేసిన అన్న. ఏం సోయి ఉంది నాకప్పుడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అనకుంటె నాకాడికి గూడ వస్తుండె గద బేటా."