కుట్టుమిషను మీద నడక

పేగు క్యాన్సరుకు ఆపరేషనయ్యాక అక్కను మా ఇంటికే తెచ్చుకున్నాను. నా భార్య పోయాక ఖాళీగా ఉన్న గదిలో అక్క మంచం, పక్కనే తను వదిలి రానన్న కుట్టుమిషను. మణికట్టుకు ఆసుపత్రివాళ్ళిచ్చిన పట్టీ. అక్క ఎంత నడిచిందీ, గుండె ఎలా కొట్టుకుంటోందీ అది ఎప్పటికప్పుడు ఆసుపత్రికి చేరవేస్తుంది. అక్కడ తెర ముందు కూర్చునే నర్సు రోజూ ఫోన్ చేసి మంచీచెడూ అడిగేది. నడక తగ్గితే మళ్ళీ రావాల్సి ఉంటుందని మొదటిరోజే చెప్పింది.

ఆ మాట అక్క గుండెల్లో దిగబడిపోయింది. వార్డులో పక్కమంచం ఆవిడ అలాగే తిరిగొచ్చి, ఇక ఇల్లు చేరలేదు.

మొదట్లో గోడ పట్టుకుని బాగానే నడిచింది. తర్వాత నేను బజారు నుంచి వచ్చేసరికి ఎప్పుడూ మిషను దగ్గరే కనిపించేది. దిండు గలీబులు కుడుతున్నానంది. నడక బాగుందని నర్సు మెచ్చుకుంటే నేనూ సంతోషించాను.

ఒక ఉదయం నర్సు వీడియో కాల్ చేసింది. గొంతులో ఎప్పటి నవ్వు లేదు.

"పెద్దమ్మా, ఊరంతా చుట్టొచ్చినట్టు నడిచారు. గుండె చూస్తే కుర్చీలోంచి లేచినట్టే లేదు. ఏం సంగతి?"

అక్క నావైపు చూసి, మెల్లగా ఒక కాలు ముందుకు చాపింది. పట్టీ చీలమండకు ఉంది. ఆ కాలితో మిషను తొక్కుతుంటే అది అడుగులు లెక్కపెట్టుకుంటోంది.

"నడిస్తే రెండోకాలు లాగేస్తోందమ్మా" అంది. "అక్కడికెళ్తే మళ్ళీ రానేమోనని..."

నర్సు కోప్పడలేదు. రెండు కాళ్ళూ చూపించమంది. ఫోన్ కిందికి పట్టుకున్నాను. పట్టీ లేని కాలు పిక్క దగ్గర వాచి, నిగనిగలాడుతోంది.

దాన్ని రుద్దవద్దనీ, అంబులెన్సు పంపిస్తున్నాననీ నాకు చెప్పింది. తర్వాత అక్కతో, "కుట్టేది అలాగే ఉంచండి పెద్దమ్మా. వచ్చి పూర్తి చేద్దురుగాని" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని అక్క బండెక్కింది.

కాలి నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఊపిరితిత్తులకు పాకకముందే దొరికింది. నా భార్య జబ్బుపడ్డ రోజుల్లో, ఇంట్లో ఉన్న మనిషిని కాళ్ళు చూపించమని అడిగేవాళ్ళెవరూ లేరు. ఆసుపత్రి వరండాలో కూర్చుని చాలాసేపు అదే తలుచుకున్నాను.

ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంది. గలీబు పూర్తయింది, ఒక మూల కాస్త వంకర. పట్టీ మణికట్టుకే. నిన్న నర్సు ఫోన్ చేసి, నడక ఎలా ఉందని అడిగింది.

"తక్కువే తల్లీ" అంది అక్క. "కానీ అడుగులన్నీ నావే. మిషనువి ఒక్కటీ లేవు."

అటువైపు నుంచి పాత నవ్వు వినిపించింది.