అమ్మ వంటిల్లు, నలభై నిమిషాలు

హెడ్‌సెట్ కళ్ళకు తగిలించుకున్న వనజాక్షికి అందులో కనిపించింది తన వీపే.

మొదట పోల్చుకోలేదు. ఎవరో ఆడమనిషి స్టవ్ ముందు నిలబడి ఉంది. ఆకుపచ్చ పువ్వుల నైటీ, కింద అంచు చిరిగి వేలాడుతోంది. భుజం మీద తడి తువ్వాలు, మెడకు చెమటతో అతుక్కున్న జుట్టు. ఆ చిరుగు కుట్టుకోవాలని తను నెల రోజులుగా అనుకుంటున్న సంగతి వనజాక్షికి గుర్తొచ్చింది. ఆ నైటీ తనది. ఆ స్టవ్ తనది. తల కుడివైపు తిప్పితే సింకులో తన అంట్ల గిన్నెలు, ఎడమవైపు తిప్పితే కిటికీలో తను ఆరేసుకున్న ఒరుగులు.

గబుక్కున తీసేసింది. ఆదివారం పొద్దున పదిగంటల వేళ, మణవాళనగర్‌లోని ఆ ఇంటి హాలు ఎప్పటిలాగే ఉంది. అత్త కస్తూరమ్మ సోఫాలో కాళ్ళు చాపుకుని కూచుంది. ఆమెకు ఇప్పుడే హెడ్‌సెట్‌లో తిరుత్తణి కొండ చూపించారు. మోకాళ్ళ నొప్పి లేకుండా మెట్లన్నీ ఎక్కి, పైన సుబ్రమణ్యస్వామికి దండం పెట్టబోయి గోడమీది క్యాలెండర్‌ను కింద పడేసి, ఆ సంతోషంలోనే ఇంకా ఉంది. కూతురు తనుశ్రీ సముద్రం చూసి రెండు నిమిషాలకే విసుగొచ్చి స్నానానికి పోయింది. అందరి టిఫిన్లూ అయినాక, గిన్నెలు సర్దినాక, చివరికి వనజాక్షి వంతు వచ్చింది. భర్త శేషాద్రి సెలూన్‌కు పోతూ, మొదటి మూడు దృశ్యాలు మాత్రమే చూడండి, మిగతావి ఇంకా సరిచేయలేదు అని చెప్పి పోయినాడు. అందుకే వనజాక్షి చివరిదాకా పోయింది. ఆ వరసలో ఆఖరి బొమ్మ మీద స్టీలు డబ్బాలు కనిపించి నొక్కింది. బొమ్మ కింద పేరు రాసి ఉంది: అమ్మ వంటిల్లు, నలభై నిమిషాలు.

శేషాద్రి పట్టాభిరామ్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేస్తాడు. ఏదో పెద్ద కంపెనీ దీపావళికి కొత్త హెడ్‌సెట్ విడుదల చేస్తోంది. అందులో చూడడానికి కావలసిన దృశ్యాలు కొన్ని వీళ్ళు తయారు చేసి ఇవ్వాలి. ముప్పై ఇస్తామని మాటిచ్చారు. మూడు నెలలుగా ఆ ఇంట్లో ఒకటే బెంగ. పెట్టె బాగుంది, లోపల చూసేదానికి ఏమీ లేదు వనజా, టీవీ కొన్నవానికి చానలే లేకపోతే ఊరుకుంటాడా, అనేవాడు అన్నం కలుపుకుంటూ. రసం పోస్తుంటే వేళ్ళు మడిచి చెప్పేవాడు. కొండ, సముద్రం, పళ్ళిపట్టు చెరకు తోట, మేకల సంత, టీ కొట్టు. ఇరవై తొమ్మిది దగ్గర వేలు ఆగిపోయేది. ఇంకొక్కటి లేకపోతే పని మొత్తం బెంగళూరు వాళ్ళకు పోతుందనేవాడు. మజ్జిగ పోయనా అని అడిగితే, నీకేంలే, నీకు ఇట్లాంటి తలనొప్పులు లేవు అనేవాడు. ఆ తర్వాత ఒకరోజు ఆ వేళ్ళు మడవడం ఆగింది. బెంగ తీరిందేమోనని వనజాక్షి ఆరోజు సంతోషపడింది కూడా.

హెడ్‌సెట్ మళ్ళీ పెట్టుకుంది. ఈసారి శబ్దం పెంచింది.

వంటింట్లో నిలబడిన వనజాక్షి పాఠం చెబుతోంది.

కూచుని వింటున్న వనజాక్షికి ముఖం వేడెక్కింది. ఇది ఎవరికీ తెలియని సంగతి. పదిహేనేళ్ళ కిందట తిరుత్తణిలో ఒక స్కూల్లో ఆమెను లెక్కల టీచరుగా తీసుకున్నారు. పదకొండు రోజులు పోయింది. పన్నెండో రోజు కస్తూరమ్మ బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నాలుగు రోజులు లీవు పెట్టు, అన్నాడు శేషాద్రి. ఆ నాలుగు రోజులు ఇంకా అయిపోలేదు. అన్న కూతురని తెచ్చుకున్నాను, పరాయిదైతే నన్ను చూసుండునా అని కస్తూరమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. అది మెచ్చుకోలా, సంకెలా అన్నది వనజాక్షికి ఎప్పటికీ తేలలేదు. తుంటి అతుక్కుంది, తనుశ్రీ నడక నేర్చింది, స్కూల్లో వేరే టీచరు వచ్చింది. వనజాక్షి మాత్రం తన క్లాసును వంటింట్లోకి మార్చుకుంది. ఇడ్లీ రేకులు ముందు బెంచీ. డబ్బాలు వెనక బెంచీలు. మధ్యలో ఎవరైనా నీళ్ళకోసం వస్తే, ఏదో గొణుక్కుంటున్నట్టు ఆపేసేది.

"ఒక దోసెను నలుగురికి పంచాలి," అంటోంది లోపలి వనజాక్షి, అట్లకాడ ఎత్తి పట్టుకుని. "ఒకడు అప్పటికే సగం తినేసినాడు. ఇంక మిగిలినోళ్ళకు ఒక్కొక్కరికి ఎంత? శేషాద్రీ, నువ్వు చెప్పు. ఏంటికి దిక్కులు చూస్తావు?"

కుక్కర్ విజిల్ వేసింది. ఆ క్లాసులో మధ్యమధ్య అరిచి చెడగొట్టే పిల్లవాడి పేరు శేషాద్రి.

వనజాక్షికి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది. చూస్తూ పోయింది. ఆ మనిషి చేతులు ఒక్క క్షణం ఊరుకోలేదు. పాలు పొంగకుండా ఆపింది, ఉల్లిపాయ తరిగింది, అత్త మాత్రలు కప్పులో వేసింది, కూతురి డబ్బా కట్టింది, నేల మీద పడిన నూనె కాలితో గుడ్డ నొక్కి తుడిచింది. మిక్సీ రుబ్బుతుంది, కుక్కర్ ఉడకబెడుతుంది, ఈ కాలం ఆడోళ్ళకు పనేముంది అని కస్తూరమ్మ అనే మాట విని విని, వనజాక్షి కూడా కొంత నమ్మేసింది. ఇప్పుడు బయట కూచుని చూస్తే ఆ మనిషిని లోపలికిపోయి కాసేపు కూచోబెట్టాలనిపించింది. ఇంకో సంగతి కూడా కనిపించింది. ఆమె పాఠం బాగా చెబుతోంది. తొందర లేదు, తడబాటు లేదు. భిన్నాలు ఇంత తేటగా చెప్పేవాళ్ళు తనుశ్రీ స్కూల్లో కూడా లేరు.

చివర్లో స్టవ్ కట్టేసి ఆ మనిషి డబ్బాల వైపు తిరిగింది. "ఈరోజుకు చాలు. మీరు ఇండ్లకు పోండి. టీచరుకే పోయేదానికి యాడా చోటు లేదు," అంది.

దృశ్యం అక్కడ ఆగింది. శుక్రవారం దీపావళి, హెడ్‌సెట్ విడుదల; ఆ రోజునుంచి ఆ మాట ఊరంతా వింటుంది.

వనజాక్షి ఏడవలేదు. ఎక్కణ్ణుంచి తీశారో ముందు తెలియాలి. మళ్ళీ మొదటికి పోయి నెమ్మదిగా చూసింది. తన నడినెత్తి కనిపిస్తోందంటే తన తలకన్నా ఎత్తునుంచి. కిటికీ ఎడమన ఉందంటే ఫ్రిజ్ వైపునుంచి. కింద ఓ మూల ఎర్రగా, పచ్చగా మసక మరక. అద్దానికి అంటిందేమోనని హెడ్‌సెట్ తీసి కొంగుతో తుడిచింది. పెట్టుకుని చూస్తే మరక అక్కడే ఉంది.

అప్పుడు తెలిసింది.

ఆయుధపూజ రోజు ఇంట్లో ప్రతి యంత్రానికీ ఆమె చందనం, కుంకుమ పెట్టింది. గ్రైండరుకు, కుట్టు మిషనుకు, శేషాద్రి బండికి. స్టూలు వేసుకుని ఫ్రిజ్ మీదున్న గుండ్రటి పెట్టెకు కూడా పెట్టింది. గ్యాస్ లీకైతే అరుస్తుందని శేషాద్రి దసరా ముందు తెచ్చి అక్కడ బిగించినాడు. పక్క వీధిలో సిలిండరు మంటలు లేచిన వారమే. నీకోసమే తెచ్చినాను అన్నాడు. ఎన్నేళ్ళకు తన ప్రాణం గురించి ఆలోచించినాడని ఆమె ఆ పెట్టెకు మరీ భక్తిగా, పెద్ద బొట్టు పెట్టింది. సరిగ్గా దాని కంటిలో.

మరిది ముకేశ్‌కు ఫోన్ చేసింది. అన్న కంపెనీలోనే దృశ్యాలు కత్తిరించి అతికించే పని అతనిది. విడుదల వారం కాబట్టి ఆదివారం కూడా ఆఫీసులోనే ఉన్నాడు. ఆమె ఒక్కటే అడిగింది, ఫ్రిజ్ మీది పెట్టె కెమెరానా అని. ముకేశ్ అవునన్నాడు, మీకు తెలియదా అన్నాడు.

"మీరు ఒప్పుకున్నారని నేను శానా సంతోషపడినాను వదినా," అన్నాడు. "అన్న వీణ మ్యూజిక్ పెట్టి మాటలు తీసేయమన్నాడు. నేనే తీయలేదు. ఈడ టెస్టింగ్‌కు చూసినోళ్ళు సముద్రంలోంచి రెండు నిమిషాల్లో బయటికొస్తారు. మీ దాంట్లో కడదాకా కూచుంటారు. ఒకాయన, ఈ టీచరమ్మ ట్యూషన్ చెప్తుందా అని కూడా అడిగినాడు."

ఆ మాట ఆమె లోపల ఒక మూల పెట్టుకుంది. దాని సంగతి తర్వాత. ముందు ఆ దృశ్యం తీసేయమంది. ముకేశ్, నేను తీయలేను వదినా, మీరు ఒప్పుకున్నట్టు కాగితం ఉంది అన్నాడు. దాని ఫోటో పంపించినాడు. ఆమె పేరు, ఇంటి చిరునామా, కింద తమిళంలో చక్కగా సంతకం.

వనజాక్షి పళ్ళిపట్టు పిల్ల. చుట్టూ తమిళమే అయినా చదివింది తెలుగు మీడియం. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళలో గ్యాస్ పుస్తకం మీద, కూతురి ప్రోగ్రెస్ కార్డుల మీద, రేషన్ కాగితాల మీద ఆమె పెట్టిన ప్రతి సంతకం తెలుగులోనే. ఈ తమిళ సంతకం చేసినవాడు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె సంతకం వైపు చూడలేదు.

"ఇది నాది కాదు," అంది. "ఆ సంతకం పెట్టినోళ్ళే ఆ మాట చెప్తే తీసేస్తావా?"

చెప్తే ఈ గడియలోనే తీసేస్తానన్నాడు ముకేశ్. ఫోన్ పెట్టేయొద్దంది. స్పీకరు వేసి టీపాయ్ మీద పెట్టింది.

శేషాద్రి నున్నగా గీసిన గడ్డంతో, ఒక చేతిలో కొత్తిమీర కట్టతో వచ్చినాడు. వనజాక్షి అరవలేదు. కూచో బావా అంది. హెడ్‌సెట్ అతని తలకు తనే తగిలించింది. అతను నవ్వుతూ, ఏంది కొండనా అన్నాడు. తర్వాత నవ్వు ఆగింది. తీయబోతే ఆమె అతని చేతిమీద చెయ్యి వేసింది.

"నలభై నిమిషాలు, బావా. కడదాకా చూడు. ముకేశ్ లైన్లో ఉన్నాడు."

అతను చూసినాడు. కస్తూరమ్మ ఏమైందని రెండుసార్లు అడిగింది. తనుశ్రీ తల తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కుక్కర్‌ను తన పేరుతో పిలిచినప్పుడు శేషాద్రి భుజాలు ఒకసారి కదిలాయి. చివరికొచ్చేసరికి చేతిలోని కొత్తిమీర వడలిపోయింది. దృశ్యం ఆగినా హెడ్‌సెట్ తీయలేదు. కళ్ళు లోపలే దాచుకుని కూచున్నాడు.

"ముప్పై చేరకపోతే నీ పని పోతుందని నాకు తెలుసు," అంది వనజాక్షి. "అయినా ఇది బయటికి పోదు. ఈ క్లాసు నాది. ఎవురికి చెప్పాల్నో నేను చూసుకుంటాను. నువ్వు ఏం చేసినావో నీ నోటితో చెప్పు."

శేషాద్రి హెడ్‌సెట్ తీయకుండానే ఫోను వైపు వంగినాడు.

"తీసేయ్ ముకేశ్. సంతకం వదినది కాదు, నాది. గ్యాస్ పెట్టె అని అబద్ధం చెప్పినాను. వనజా, నువ్వు లోపల ఏం మాట్లాడతావో నేను వినలేదు, ఈ పొద్దుదాకా. సౌండు కట్టేసి చూసినాను, పని జరుగుతాండాదా లేదా అని. వద్దంటావని భయపడి దాచినానని చెప్తే నువ్వు నమ్ముతావు. అదీ నిజం కాదు. కొండకు దేవస్థానాన్ని అడిగినాను. చెరకు తోటకు రైతును అడిగినాను. టీ కొట్టాయన ఒప్పుకోకపోతే మూడుసార్లు పోయినాను. సంతలో మేకలకు కూడా వాటి ఓనర్లతో సంతకాలు తీసుకున్నాను. నిన్ను అడగాలని నాకు తోచనేలేదు."