కట్టె లేని కంది

బషీరాబాద్ అవతల, కర్ణాటక పొలిమేరకు దగ్గరున్న ఊళ్లో అలీమాబీకి నాలుగెకరాల నల్లరేగడి ఉంది. భర్త పోయాక సేద్యమంతా ఆమెదే. కాగితాల్లో పేరు మాత్రం మరిది బాషాది.

ఎనభై మూడులో విదేశీ సాయంతో కంది పథకమొకటి ఆ ఊరికి వచ్చింది. బడిలో మీటింగు పెట్టారు. మగవాళ్లు లోపల, ఆడవాళ్లు వరండాలో. అధికారి రాజేందర్ కొత్త విత్తనం గురించి గంటసేపు చెప్పాడు. నాలుగు నెలల్లో కోతకొస్తుందట, దిగుబడి ఎక్కువట. ఊరంతా అదొక్కటే వేయాలన్నది షరతు. అలీమాబీ కిటికీ దగ్గరికి వచ్చి, చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందని అడిగింది.

"నడుముదాక. ఏమ్మా, పప్పు తింటరా, కట్టె తింటరా?" అన్నాడు రాజేందర్.

లోపలున్నవాళ్లంతా నవ్వారు. బాషా కూడా నవ్వి, ఆమె పొలానికీ కలిపి సంతకం పెట్టేశాడు.

ఆ ఊళ్లో ఏడాది పొడుగునా పొయ్యిలో మండేది కందికట్టె. గుడిసెకు దడి కట్టేదీ దానితోనే. పాత కంది మనిషిని మించి పెరిగేది. ఈ సంగతి వరండాలో కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఒక్కరినీ అడిగినవాడు లేడు.

మొదటి ఏడు పంట బాగానే పండింది. రాజేందర్ ఫొటోలు తీసుకుపోయాడు. పాత విత్తనం ఎవరింట్లోనూ మిగల్లేదు, పప్పు చేసుకుని తినేశారు. కట్టె రెండు నెలలకే అయిపోయింది. అలీమాబీ, పక్కింటి బుగ్గమ్మ తుమ్మకంప కోసం రెండు కోసుల దూరం నడిచేవారు. బుగ్గమ్మకు అప్పుడు ఏడో నెల. ఒకనాడు నెత్తిన మోపుతో వాగు గట్టు మీద జారిపడింది. కడుపు దక్కలేదు.

మూడో ఏడు పథకం గడువు తీరింది. జీపు రావడం మానేసింది, జీపులో వచ్చే పురుగుమందూ ఆగిపోయింది. పురుగు కాయలన్నీ తొలిచేసింది.

ఆ ఎండాకాలం, పథకం ఎట్లా నడిచిందో రాసుకోవడానికి సాయమిచ్చిన దేశం నుంచి ఒక దొరసాని వచ్చింది. మళ్లీ అదే బడి. ఊరివాళ్ల మాటలు ఆమెకు ఇంగ్లీషులో చెప్పడానికి రాజేందర్ వెంట వచ్చాడు. జీపు తిరిగొస్తుందన్న ఆశతో మగవాళ్లు అంతా బాగుందన్నారు. అలీమాబీ లోపలికి నడిచింది. బయట కూర్చోమని బాషా గొణిగాడు. ఆమె వినలేదు.

"సారూ, గా దినం నేనడిగితే నవ్విన్రు. కట్టెల మోపు కింద బుగ్గమ్మ కడుపు పోయింది. గీ మాట గామెకు చెప్పుండ్రి. ఒక్క ముక్క మింగొద్దు."

రాజేందర్ ఇంగ్లీషులో రెండే మాటలు చెప్పి ఊరుకున్నాడు. అప్పుడు ఆ బడి పంతులమ్మ మనోరమ లేచి, అలీమాబీ అన్నది అన్నట్టు మొత్తం ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని రాసుకోవడం ఆపేసింది. బుగ్గమ్మ ఎక్కడుందని అడిగింది.

పథకం మళ్లీ రాలేదు. తప్పయిందని కూడా ఎవరూ అనలేదు. అలీమాబీ యాలాల్‌లో చుట్టాల ఇళ్లు తిరిగి పాత విత్తనం మూటగట్టుకొచ్చింది. ఊళ్లో ఆడవాళ్లంతా ఆమె ఇంటిముందు కూర్చుని లెక్క తేల్చారు: పొలంలో మూడు వంతులు పాత కంది, ఒక వంతు కొత్తది. తనను అడగకుండా ఎట్లా తేలుస్తారని బాషా మీదికొచ్చాడు.

"సంతకం నీది, బాషా. విత్తేది నేను. ఇంకోసారి నా పొలం మీద సంతకం పెడితే పంచాయితీలో నిలబెడత" అంది అలీమాబీ.

బాషా వెళ్లిపోయాడు. ఆమె దోసిట్లో విత్తనాలు తీసి మొదట బుగ్గమ్మ ఒడిలో పోసింది.