మూడో నీళ్ళు

ఆకుల్ని ఎండబెట్టి, పొడి కొట్టి, యాసిడ్‌లో మరిగించి, వాటిలో ఏముందో చెప్పడం నా ఉద్యోగం. ఇనుమెంత, కాల్షియమెంత, మనిషికి మేలు చేసేదెంత, కీడు చేసేదెంత. పదకొండేళ్ళుగా ఇదే పని. మా అత్తయ్య ఇదే పనిని నలభై ఏళ్ళుగా నాలుకతో చేస్తోంది. ఆవిడకెవరూ పట్టా ఇవ్వలేదు, నాకిచ్చారు. తేడా అంతే.

కాలువ గట్టు మీద, ఖాళీ స్థలాల అంచుల్లో ఎవరూ నాటకుండానే మొలిచే ఆకొకటుంది. కాడ ఎర్రగా, ఆకు మందంగా ఉంటుంది. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరుంది కానీ మా ఇంట్లో గీరాకు అంటాం, పచ్చిగా నమిలితే గొంతు గీరుతుంది కాబట్టి. అత్తయ్య దాన్ని ఒకసారి ఉడికించి నీళ్ళు పారబోస్తుంది. మళ్ళీ ఉడికించి మళ్ళీ పారబోస్తుంది. మూడోసారి నీళ్ళు పొయ్యిమీద కాగాక ఒక చుక్క చల్లార్చి నాలుక చివర వేసుకుంటుంది. నాలుకను పట్టకపోతేనే కూర. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ చెంచా నా చేతికిచ్చి, "నువ్వూ చూడు అమ్మాయ్, రేపు నేను లేకపోతే ఈ ఇంట్లో నాలుకున్నదానివి నువ్వే" అంది. మాటల్లో కూడా నాకు నాలుకెక్కువని ఆవిడకు అప్పటికే తెలుసు. అప్పటినుంచి మూడో నీళ్ళు ఇద్దరం చూస్తాం, ముందు ఆవిడ, తర్వాత నేను.

ఆ ఆకును ల్యాబ్‌కు తీసుకెళ్ళాలన్న బుద్ధి నాకే పుట్టింది. మాస్టారికి చెబితే ఎగిరి గంతేసినంత పని చేశారు. మాస్టారంటే మా ల్యాబ్ పెద్ద. ద్రావణాలు కొలిచే పిపెట్టు నాకు పట్టుకోవడం నేర్పింది ఆయనే. నోట్‌బుక్ రాయడం నేర్పిందీ ఆయనే. "తప్పు పడితే చెరపకూడదమ్మా. ఒక్క గీత కొట్టు, కింద అంకె కనపడాలి. పక్కన సంతకం, తేదీ. అబద్ధానికి చోటుండదు" అనేవారు. ఆ మాట నేను కళ్ళకద్దుకున్నాను. కన్న తండ్రి చెప్పినా అంతగా వినలేదు.

అత్తయ్య ఆకు కోసివ్వడానికి ఒకే ఒక్క షరతు పెట్టింది. "నా నీళ్ళ సంగతి కూడా రాయాలి. ఎన్నిసార్లు పారబోయాలో రాయకపోతే ఆకు ఇవ్వను."

"అది రాయకుండా ఎలా అత్తయ్యా, పరీక్షంతా దానిమీదే" అన్నాను. ఆవిడ ఆకు గుప్పిట్లో పట్టుకుని నవ్వుతుంటే నోట్‌బుక్‌లో అంటించడానికి ఆ చేతుల ఫొటో తీశాను. ఎడమ బొటనవేలి మీద పాత కత్తిగాటు కూడా స్పష్టంగా పడింది.

ఫలితాలు బంగారంలా వచ్చాయి. ఇనుము దండిగా ఉంది, కాల్షియం అంతకంటే దండిగా ఉంది, ఒంట్లో కణాలను కాపాడే గుణమూ మెండుగానే ఉంది. కానీ పచ్చి ఆకులో ఆక్సలేటు కూడా విపరీతంగా ఉంది. అది కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వదు, మూత్రపిండాల్లో రాళ్ళకు దారి తీస్తుంది. గొంతు గీరేది కూడా దానివల్లే. రెండుసార్లు ఉడికించి పారబోసిన ఆకులో అది పావు వంతుకు దిగింది. గులాబి రంగు నిలిచేదాకా చుక్క చుక్కగా పర్మాంగనేటు ద్రావణం వదులుతూ మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే. అత్తయ్య నాలుకా నా గాజు గొట్టమూ ఒకే మాట చెప్పాయని ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఆ వారంలోనే మాస్టారు నన్ను పిలిచి, ఆక్సలేటు పట్టిక ఉన్న పేజీ మీద వేలుపెట్టారు.

"ఆ రోజు వాడిన పర్మాంగనేటు ద్రావణం పాతదమ్మా. ఈ రీడింగులు నమ్మలేం. కొట్టేసి సంతకం పెట్టు, వచ్చే వారం మళ్ళీ చేద్దాం."

ఆ ద్రావణం ఆ రోజు పొద్దున్నే నేను కలిపిందే. నాకు గుర్తుంది. అయినా అంతటి మనిషి అంటున్నారంటే నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. స్కేలు పెట్టి తిన్నగా ఒక గీత కొట్టి, సంతకం చేసి, తేదీ వేశాను. మరుసటి వారం తూకం మిషను పాడైంది. ఆ తర్వాత వారం వేరే పని వచ్చి పడింది. అడిగినప్పుడల్లా "చేద్దాం చేద్దాం" అన్నారు.

ఆరు నెలలు తిరిగాక ఒక సాయంత్రం అత్తయ్య మందుల షాపు నుంచి ఆకుపచ్చ ప్యాకెట్టొకటి పట్టుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నా చేతులే, చూడు" అంది. నిజమే, అవి ఆవిడ చేతులే. కత్తిగాటుతో సహా ప్యాకెట్టు మీద అచ్చయ్యాయి.

"చదువు అమ్మాయ్. నా నీళ్ళ సంగతి ఎక్కడ రాశారు?"

ఆవిడకు చదువు రాదు. కావాలంటే నేను నోటికొచ్చింది చదివేయొచ్చు. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను. కానీ ఉన్నదే చదివాను. "పచ్చి ఆకు పొడి. పరగడుపున రెండు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగాలి." కింద ఇనుము, కాల్షియం అంకెలున్నాయి. పరీక్ష చేసినవారు అన్నచోట నా సంతకం ఉంది. ఆక్సలేటు ఊసే లేదు.

"నీళ్ళో?" అంది మళ్ళీ.

"రాయలేదు అత్తయ్యా."

"ముందు తెచ్చినది మా అక్కకిచ్చానే. నాలుగు రోజులైంది. మా కోడలి పరీక్ష అని చెప్పి మరీ ఇచ్చాను."

వాళ్ళక్కకు, అంటే మా పెద్దత్తయ్యకు, రెండుసార్లు మూత్రపిండాల్లో రాళ్ళు తీశారు. రెండు వీధుల అవతలే ఇల్లు. పరుగులాంటి నడకతో వెళ్ళాం. పెద్దత్తయ్య ప్యాకెట్టు ఇవ్వనంది.

"అచ్చు వేశారే. సంతకం కూడా ఉంది. నీ నాలుక చెప్పేదే నిజమైతే మీ కోడలు రాసేదిగా?" అని చెల్లెల్నే అడిగింది. నేను నోరు విప్పేలోగా, "నువ్వాగమ్మా, మీ అత్త నిన్ను లాక్కొచ్చిందని తెలుస్తూనే ఉంది" అంది. నలభై ఏళ్ళ నాలుక నా సంతకం ముందు ఓడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌లో వాళ్ళనడిగి ఆ కంపెనీ సంగతి తెలుసుకుని మాస్టారి గదికెళ్ళాను. ఆయన కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

"ఆ కంపెనీకి సలహాదారు మీరేనట కదా."

"అవునమ్మా. మంచి ఆకు, నలుగురికీ అందుతోంది. ఉడికించి పారబొయ్యమంటే పొడి ఎవరు కొంటారు చెప్పు?"

"ఆక్సలేటు పట్టిక ఏమైంది?"

"నువ్వే కొట్టేశావు కదా" అన్నారు నెమ్మదిగా, చిన్నపిల్లకు లెక్క చెబుతున్నట్టు. "గీత నీదే, సంతకం నీదే, తేదీ కూడా నీదే. నమ్మకం లేని రీడింగు నేనెలా పంపను?"

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆయన నాకు నేర్పిన నిజాయితీతోనే నా చేతులు కట్టేశారు. ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది, ముందు ఆయన మీద, ఆ వెంటనే నా మీద. ద్రావణం కొత్తదని తెలిసీ కొట్టేసింది నేను కాదూ?

నా బల్ల దగ్గరకొచ్చి నోట్‌బుక్ తీశాను. గీత కింద అంకెలు చక్కగా కనపడుతున్నాయి. ఆ మాత్రం ఆయన చదువు నాకు పనికొచ్చింది. కింద రాశాను: "ఈ కొట్టివేత తప్పు. ద్రావణం ఆ ఉదయం నేను కలిపినదే. మాస్టారు చెప్పారని కొట్టేశాను." సంతకం, తేదీ. పేజీ నకలు ఆహార భద్రతా కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఇంకో నకలు పట్టుకుని అత్తయ్యతో కలిసి మళ్ళీ పెద్దత్తయ్య ఇంటికెళ్ళాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. లోపలికెళ్ళి సగమైన ప్యాకెట్టు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. రేపే పరీక్ష చేయించుకుంటానంది.

అత్తయ్య ప్యాకెట్టు పక్కన పెట్టి కాగితం అందుకుంది. అక్షరాలు రావు కానీ గీత తెలుస్తుంది. దాని మీద ఆ కత్తిగాటు వేలు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపింది.

"ఇదెవరు కొట్టారు?"

"నేనే అత్తయ్యా."

"తెలిసే కొట్టావా?"

"తెలిసే."

ఆవిడ కాగితం మడిచి నాకిచ్చేసింది. దారంతా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. తిట్టినా బాగుండేది.

ఆదివారం గీరాకు కోసుకొచ్చింది. మొదటి నీళ్ళు పారబోసింది. రెండో నీళ్ళు పారబోసింది. మూడో నీళ్ళు కాగుతుంటే నేను వెళ్ళి ఎప్పటిలాగే పొయ్యి పక్కన నిలబడ్డాను. చుక్క చల్లార్చి నాలుక మీద వేసుకుంది. ఇంకో చుక్క తీసుకుని, నేను చూడాల్సింది కూడా ఆవిడే చూసింది. చెంచా కడిగి బోర్లించింది.