అందరికీ ఒకటే వరస

కంటి ఆసుపత్రికి ప్రోగ్రాములు రాసే అమ్మాయికి ఆ ఉదయం కాలు నేల మీద నిలవలేదు. తను కొత్త భాషలో తిరగరాసిన ప్రోగ్రాము పనిలోకి దిగిన రోజే, ఎవరో పుణ్యాత్ముడు దానం చేసిన కన్ను వచ్చింది. కన్ను కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో ముందున్న ముసలాయనకి జ్వరం. ఆయన తర్వాత ఆమె అన్నయ్యే. ఇన్ఫెక్షన్‌తో రెండు కళ్ల మీది పొరలూ తెల్లబడి, కుట్టుమిషన్ మూలన పెట్టిన దర్జీ. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా కింద హాల్లో కూర్చున్నాడు.

ఎంతకీ పిలుపు రాకపోయేసరికి ఆమే నర్సు గదికి వెళ్లింది.

"ముసలాయనకి జ్వరమని కంప్యూటర్లో నేనే నొక్కానమ్మా. తగినవాళ్లు ఎవరూ లేరని చూపించింది. రూలు ప్రకారం పక్క ఊరి ఆసుపత్రికి పంపేశాం."

"మా అన్నయ్య ఉన్నాడు కదా సిస్టర్!"

"నాకూ అనుమానం వచ్చింది. కానీ కంప్యూటరే చెప్పాక నేనెవర్ని?"

ఆ అమ్మాయి పక్క ఊరి ఆసుపత్రికి ఫోన్ చేసింది. "కన్ను ఆపరేషన్ బల్ల మీదికి వెళ్లిపోయిందమ్మా, ఇక వెనక్కెలా వస్తుంది?" అన్నారు. పంపినవాళ్లదీ తప్పు కాదు, తీసుకున్నవాళ్లదీ తప్పు కాదు.

తన కుర్చీలోకి వచ్చి ప్రోగ్రాము తెరిచింది. ప్రతి రోగికీ ఒక గళ్ల వరస ఉండాలి. జ్వరం ఉందా, ఆపరేషన్‌కి పనికొస్తారా అన్నవి ఆ గళ్లలో ఉంటాయి. ఇలాంటి వరసల్నే ప్రోగ్రామర్లు ఎర్రేలంటారు. ఆమెకి అలవాటైన పాత భాషలో ఇన్ని వరసలు కావాలంటే చాలు, దేనికది విడిగా తయారయ్యేది. కొత్త భాషలోనూ అంతేననుకుని, ఒక వరస చేసి, దాన్ని రోగులెందరో అన్నింతలు చెయ్యమని రాసింది. అక్కడే పప్పులో కాలేసింది. ఆ భాష కొత్త వరసలేవీ చెయ్యలేదు, ఉన్న ఒక్కదాన్నే అందరికీ చూపించింది. ఊరందరికీ ఒకే ఇంటి చిరునామా రాసిచ్చినట్టు. ముసలాయన గడిలో పడ్డ జ్వరం అందరికీ పడింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే.

మరి పరీక్షించలేదా? పరీక్షించింది, ఒక్క ఉత్తుత్తి రోగితో. ఒక్కడే ఉన్న ఇంట్లో పంపకాల గొడవేముంటుంది?

ప్రతి రోగికీ విడి వరస తయారయ్యేలా ఒక్క లైను మార్చింది. ప్రోగ్రాము మళ్లీ నడిపింది. తగినవాళ్లలో మొదటి పేరు అన్నయ్యదే వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎంత సులువు!

కిందికి దిగింది. అడుగుల చప్పుడుకే అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"నా వంతు వచ్చిందా అమ్మా?"

"వచ్చింది అన్నయ్యా. వచ్చి, పోయింది. కన్ను వేరేవాళ్లకి వెళ్లిపోయింది."

"పోనీలే. ఎవరికో ఒకరికి చూపొస్తుంది కదా," అన్నాడు. తర్వాత మెల్లిగా, "పొరపాటు ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"నాదే."

అతను చెల్లెలి చేతి కోసం గాలిలో తడుముతున్నాడు. ఆమె ఎదురుగానే నిలబడింది. చెయ్యి అందివ్వడానికి ఆమెకి మొహం చెల్లలేదు.